కోడ్ కంటే ముందు ఎడిటర్: ప్రోగ్రామింగ్ అభ్యాసకులకు తొలి అవరోధం

పుదుచ్చేరి: ప్రోగ్రామింగ్ భాషను నేర్చుకోవడానికి కూర్చున్న విద్యార్థికి మొదట ఎదురయ్యేది ఆ భాష కాదు, దానిని టైపు చేయవలసిన ఎడిటర్. సుమారు 800 కిలోమీటర్ల దూరంలోని యానాం నుంచి ఉన్నత చదువులకు పుదుచ్చేరి వచ్చే తెలుగు విద్యార్థులకు ఈ అవరోధం మరింత ఎత్తుగా కనిపిస్తుంది. పట్టణంలో తమిళం, కంప్యూటర్ తెరపై ఇంగ్లిషు. రెండూ వారి మాతృభాషలు కావు. ఇన్నిటి మధ్య ఒక్క పంక్తి కోడ్ కూడా రాయకముందే 'ఇది నా వల్ల కాదు' అన్న నిర్ణయానికి వచ్చే ప్రమాదం ఉంది.

లినక్స్ కంప్యూటర్లలో తరచుగా తారసపడే 'విమ్' ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అది తెరుచుకోగానే అక్షరాలు టైపు చేస్తే తెరపై పడవు. ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క ఆదేశంగా పనిచేస్తుంది. 'ఐ' వంటి ఆదేశం నొక్కిన తరువాతే రాయడం సాధ్యం. బయటపడాలంటే ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ టైపు చేసి, ఎంటర్ నొక్కాలి. మార్పులను భద్రపరచకుండా వదిలివేయాలంటే చివర ఆశ్చర్యార్థకం కూడా చేర్చాలి. విమ్ నుంచి ఎలా బయటపడాలన్న ప్రశ్నను అప్పటికి పది లక్షలకు పైగా సార్లు వీక్షించారని స్టాక్ ఓవర్‌ఫ్లో 2017లో వెల్లడించింది. కనుక లోపం విద్యార్థిది మాత్రమే అనుకోవడం సరికాదు.

ఈ విచిత్ర పద్ధతికి కారణం చారిత్రకం. విమ్‌కు మాతృక అయిన 'వీఐ'ని 1976 ప్రాంతంలో అమెరికాలోని బర్క్‌లీలో బిల్ జాయ్ రూపొందించారు. నాటి మోడెమ్‌ల వేగం అత్యల్పం. తక్కువ అక్షరాలతో పని జరగడమే ముఖ్యం. ఆయన వాడిన టెర్మినల్‌పై బాణం గుర్తులు హెచ్, జే, కే, ఎల్ మీటలపైనే ముద్రించి ఉండేవి. ఆ అలవాటును 1991లో విడుదలైన విమ్ కూడా కొనసాగించింది.

తెలుగులో టైపు చేసేవారికి మరో చిక్కు ఉంది. కీబోర్డు తెలుగులో ఉండగా ఎస్కేప్ నొక్కితే, ఆ తరువాత వెళ్లేవి తెలుగు అక్షరాలే. విమ్ వాటిని ఆదేశాలుగా గుర్తించదు. ప్రతిసారీ కీబోర్డును ఇంగ్లిషుకు మార్చుకోవాలి. కర్సర్ సంగతీ అంతే. 'లక్ష్మి' అనే మాటలో కంటికి కనిపించేవి రెండు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో మాత్రం ఏడు సంకేతాలు. ప్రతి అక్షరానికీ సమానమైన గడి కేటాయించే టెర్మినళ్లలో ఒత్తులు విడిపోవడం, కర్సర్ ఒకచోట ఉండి మార్పు మరోచోట జరగడం సాధారణం.

పైథాన్ మూడో తరం తెలుగు పేర్లను చరరాశులకు అనుమతిస్తుంది. అయితే 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో పొల్లు తరువాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే, కంటికి కనిపించని ఒక సంకేతం ఉంటుంది. చరరాశి పేరులో అది ఉంటే పైథాన్ దోషం చూపుతుంది. కారణం తెరపై కనిపించదు కనుక కొత్తవారు గంటల తరబడి వెతుక్కోవలసిందే.

విండోస్ వాడేవారికి వేరే ఉచ్చులు. నోట్‌ప్యాడ్‌లో భద్రపరచిన పైథాన్ ఫైలు పేరు చివర 'టీఎక్స్‌టీ' చేరే అవకాశం ఉంది. విండోస్ సహజంగా ఆ తోకను దాచి ఉంచుతుంది. వర్డ్‌లో రాస్తే ఉద్ధరణ చిహ్నాలు వంపు తిరుగుతాయి, పైథాన్ వాటిని అంగీకరించదు.

తొలి నెలల్లో పైథాన్‌తో పాటు సాధారణంగా వచ్చే ఐడిల్ సరిపోతుంది. లినక్స్ టెర్మినల్‌లోనే పని చేయవలసి వస్తే, ముఖ్య ఆదేశాలను తెర అడుగునే చూపే 'నానో' మేలు. విమ్‌పై ఆసక్తి కలిగినప్పుడు 'విమ్‌ట్యూటర్' అనే అంతర్గత పాఠం ఉంది. దానికి సుమారు అరగంట చాలు.