స్వలింగ ఆకర్షణ గల తండ్రుల మానసిక క్షేమము : సంఘకాపరులకు ఒక పరిచయము

ఉపోద్ఘాతము

బిడ్డ ఇంటికి వచ్చిన తరువాత నిద్ర తగ్గును, ఖర్చు పెరుగును, దంపతులు మాటలాడుకొను సమయము కరవగును. ఏ తల్లిదండ్రులకైనను ఇది తప్పదు. స్వలింగ ఆకర్షణ గల పురుషులు, అనగా ‘గే’ అని పిలువబడువారు, తండ్రులైనప్పుడు వారి మనస్సు ఏ స్థితిలో ఉండును? అమెరికాలోను, బ్రిటన్‌లోను ఈ ప్రశ్నపై జరిగిన పరిశోధనలను పరిచయము చేసి, కాపరి వాటినుండి ఏమి నేర్చుకొనవలెనో తెలుపుట ఈ వ్యాస ఉద్దేశ్యము.

ముందుగా ఒక మాట. స్వలింగ సంబంధములను గూర్చి క్రైస్తవ సంఘములన్నిటి తీర్పు ఒకటి కాదు. మనస్తత్వ శాస్త్రము ఆ వివాదమును పరిష్కరింపజాలదు. అయితే మన మాట, మన మౌనము ఒక కుటుంబముపై ఎట్టి ప్రభావము చూపునో అది చూపగలదు.

పరిశోధనలు తెలుపు సంగతులు

ఇట్టి పురుషులు మూడు విధములుగా తండ్రులగుచున్నారు: పూర్వము ఒక స్త్రీతో జరిగిన వివాహము ద్వారా, దత్తత ద్వారా, అద్దె గర్భము ద్వారా. ఇంగ్లాండులో 2002లో చేయబడిన చట్టము 2005 చివర అమలులోనికి వచ్చి, స్వలింగ జంటలు కలిసి దత్తత తీసుకొనుటకు వీలు కల్పించెను.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన సూసన్ గోలంబోక్, ఆమె సహచరులు 2014లో ప్రచురించిన అధ్యయనములో బ్రిటన్‌లోని 41 గే తండ్రుల కుటుంబములను, 40 లెస్బియన్ తల్లుల కుటుంబములను, 49 స్త్రీపురుష దంపతుల కుటుంబములను పోల్చిరి. అన్నియు దత్తత కుటుంబములే. గే తండ్రుల మానసిక క్షేమము స్త్రీపురుష దంపతులకంటె మెరుగుగా కనబడెను. పిల్లల ప్రవర్తనా సమస్యలకు ముడిపడియున్నది కుటుంబ రకము కాదు, పెంచువారి ఒత్తిడి. అద్దె గర్భము ద్వారా తండ్రులైన 40 మంది అమెరికా పురుషులతో జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనములో, బిడ్డ వచ్చిన తరువాత తమ ఆత్మగౌరవము పెరిగెననియు, తమ తల్లిదండ్రులతో సాన్నిహిత్యము హెచ్చెననియు వారు చెప్పిరి.

ఈ ఫలితములను జాగ్రత్తగా చదువవలెను. దత్తతకు ముందు అధికారులు కుటుంబమును పరీక్షింతురు. అద్దె గర్భమునకు అధిక ధనము కావలెను. కనుక ఈ తండ్రులు ఎంతో ఆలోచించి, సిద్ధపడి వచ్చినవారు. ‘గే తండ్రులందరు సుఖముగా నున్నారు’ అని దీని అర్థము కాదు.

గాయము ఎక్కడ?

అమెరికా పరిశోధకులు ఎబీ గోల్డ్‌బర్గ్, జూలియానా స్మిత్‌లు 2011లో దత్తత తీసుకొనిన స్వలింగ జంటల మొదటి సంవత్సరమును పరిశీలించిరి. కుటుంబము, ఉద్యోగస్థలము ఆదరించినవారిలో కృంగుదల తక్కువ. తమ్మును తామే అసహ్యించుకొనుచు, ప్రతికూల చట్టములున్న రాష్ట్రములలో నివసించినవారిలో కృంగుదల, ఆందోళన అందరికంటె వేగముగా పెరిగెను.

2019లో ఎలెన్ పెర్రిన్ బృందము 47 రాష్ట్రములలోని 732 మంది గే తండ్రులను ప్రశ్నించెను. నూటికి 63 మందికి పైగా తండ్రులుగా చిన్నచూపును ఎదుర్కొనిరి. అది ఎక్కడ జరిగెనని అడుగగా అత్యధికముగా చెప్పబడినది మతపరమైన స్థలములే. నూటికి దాదాపు 35 మంది వాటిని పేర్కొనిరి. సంఘకాపరి ఈ అంకెను తేలికగా దాటిపోరాదు. విశ్రాంతి దొరకవలసిన చోటనే గాయము తగులుచున్నది.

మన దేశ పరిస్థితి

భారతదేశములో 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధములను నేరముల జాబితానుండి తొలగించెను. 2023 అక్టోబరు 17న వివాహ హక్కును గుర్తించలేదు. 2021 నాటి అద్దె గర్భ చట్టము ఇట్టి పురుషులకు అవకాశమివ్వలేదు. కనుక ఇక్కడ కాపరి యొద్దకు రాగల వ్యక్తి చాలమట్టుకు పెద్దల ఒత్తిడిచేత స్త్రీని వివాహమాడి, తండ్రియై, రహస్యమును మోయుచున్నవాడు. పై అధ్యయనముల ఫలితములు అతనికి యథాతథముగా వర్తింపవు. అక్కడ భార్య వేదన కూడ ఉన్నది. ఒకరిని ఆదరించుచు మరొకరిని మరువరాదు.

కాపరి చేయదగినవి

1. విన్న సంగతిని రహస్యముగా ఉంచవలెను. ప్రార్థన విన్నపము పేరిట బయలుపరచుట ద్రోహమే.

2. నిరాశ, నిద్రలేమి, చావు మాటలు కనబడిన యెడల మానసిక వైద్యుని యొద్దకు పంపవలెను. ప్రభుత్వ టెలి మానస్ సహాయ సంఖ్య 14416. ఆకర్షణను మార్చుదుమను చికిత్సలకు పంపరాదు. వైద్యులు అట్టిది చేయుట వృత్తిపరమైన దుష్ప్రవర్తనయని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించెను.

3. తండ్రిని గూర్చిన మన తీర్పును బిడ్డపై మోపరాదు. మార్కు 10వ అధ్యాయములో చిన్నబిడ్డలను అడ్డగించినది శిష్యులు, కోపపడినది ప్రభువు. ఆ బిడ్డలను తెచ్చినవారు ఎట్టివారో సువార్తికుడు వ్రాయలేదు, ప్రభువు అడుగలేదు.

ముగింపు

తండ్రి మనస్సు నెమ్మదిగా ఉన్నప్పుడు బిడ్డ నెమ్మదిగా పెరుగును. ఆ నెమ్మది చుట్టునున్నవారి ఆదరణపై ఎంతో ఆధారపడియున్నదని ఈ పరిశోధనలు చూపుచున్నవి. సిద్ధాంత విషయములో మన సంఘము ఏ పక్షమున నిలిచినను, గుమ్మములో నిలిచిన తండ్రిని, అతని చేయి పట్టుకొనిన బిడ్డను ఎట్లు చేర్చుకొందుమో ముందే ఆలోచించుకొనుట మన బాధ్యత.