విప్పి చూసిన నాయుడుగారు

విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందైనా ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. కింద పరిచిన గోనెపట్టా మీద గేర్‌బాక్సు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. పక్కనే గొంతుక్కూర్చున్న కుర్రాడు ఏ చక్రం ముందు ఊడదీశాడో, ఏ బోల్టు తర్వాత తీశాడో వరస తప్పకుండా పేరుస్తుంటాడు. చివర విప్పింది మొదట బిగించాలి... మేస్త్రి చెప్పే తొలి పాఠం అది. బ్లాక్‌బోర్డు లేదు, పుస్తకం లేదు. 1966లో మొదలైన ఈ వాడ ఇన్నేళ్లూ ఆ పాఠం మీదే బతికింది.

వందేళ్ల కిందట, గురువంటూ లేకుండానే ఆ పాఠం నేర్చుకున్న తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. మనం పెద్దగా తలచుకోం. ఆయన పుట్టిన తమిళనాడు మాత్రం మరచిపోలేదు. కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద 2025 అక్టోబరు 9న ప్రారంభమైన 10.1 కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు ఆయన పేరే పెట్టింది.

ఆయనే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. జి.డి. నాయుడు అంటేనే అందరికీ తెలుసు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టాడు. తరాల కిందట అక్కడ స్థిరపడి, ఇంట్లో తెలుగే మాట్లాడుకునే రైతు కుటుంబం వాళ్లది. చదువు అబ్బలేదు. బడిలో కంటే పొలం గట్ల మీదే ఎక్కువ కనిపించే పిల్లాడు. అలా తిరుగుతుండగానే ఓ ఇంగ్లిషు అధికారి మోటారు సైకిలు కంటపడింది. ఎద్దు లేదు, గుర్రం లేదు, దానంతటదే పరుగెడుతోంది! ఆ బండి తనకు కావాలి. ఎలా?

ఊరొదిలి కోయంబత్తూరు చేరాడు. హోటల్లో సర్వరుగా కుదిరాడు. రూపాయి రూపాయి కూడబెట్టి, చివరికి మూడు వందలకు అలాంటి మోటారు సైకిలే కొన్నాడని చెబుతారు. కొన్నవాడు దాన్నెక్కి ఊరంతా తిరగాలి కదా! ఈయన మాత్రం ఏ ముక్కకాముక్క విప్పేశాడు. మళ్లీ బిగించాడు. ఆయన ఇంజినీరింగు చదువు మొత్తం అదే.

తర్వాత పత్తి వ్యాపారంలో దిగి, బొంబాయి దాకా వెళ్లి, సంపాదించినదంతా పోగొట్టుకుని తిరిగొచ్చాడు. అప్పుడు ఆదుకున్నవాడు కోయంబత్తూరులోని ఇంగ్లిషు వ్యాపారి రాబర్ట్ స్టేన్స్. ఆయనిచ్చిన అప్పు ఆసరాతో 1920లో ఒక బస్సు కొన్నాడు. పొల్లాచ్చి నుంచి పళనికి తనే డ్రైవరు. ఆ ఒక్క బస్సే యు.ఎం.ఎస్. అనే పెద్ద సంస్థ అయింది. వేళకు బయల్దేరే బస్సుగా దక్షిణాదిలో పేరు తెచ్చుకుంది.

బస్సులతో ఆగి ఉంటే ఈయన గురించి ఇంత చెప్పుకోవలసిన పని లేదు. లారీలు, బస్సులతో బాగుపడినవాళ్లు మన బెజవాడలోనూ తక్కువేం కాదు. నాయుడు చెయ్యి ఊరుకోలేదు. డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో మోటారు తయారు చేశాడు. దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దాన్నే చెబుతారు. డెల్టాలో బోరు కింద సేద్యం చేసే రైతులు పంపుసెట్టు మీద 'కోయంబత్తూరు' అన్న పేరు చదివే ఉంటారు. ఆ ఊరికి ఆ పేరు రావడానికి తొలి అడుగుల్లో ఇదొకటి. బ్యాటరీతో నడిచే గడ్డం గీసుకునే రేజర్, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పళ్లరసం తీసే యంత్రం... జాబితా చాలా పెద్దది. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని 1941లో ప్రకటించాడు. 1952లో ఇద్దరు కూర్చునే చిన్న కారును రెండు వేల రూపాయల ధరకు తయారు చేశాడు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడే ఆగిపోయింది. సామాన్యుడి కారు గురించి దేశం మాట్లాడుకోవడం ఇంకా మొదలవని రోజులవి.

షెడ్డులో లేనప్పుడు ఆయన తోటలో ఉండేవాడు. పదడుగుల ఎత్తు పెరిగే పత్తి మొక్కలు, బొప్పాయి రకాలు, గింజల్లేని నారింజలు. మొక్కనూ యంత్రంలాగే చూశాడు మరి. సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య అంతటివాళ్లు ఆ తోట చూసి మెచ్చుకున్నారు.

కోపమూ తక్కువేం కాదు. పన్నుల భారం మీద నిరసనగా 1950ల్లో తను తయారు చేసిన రేడియోలూ గడియారాలూ జనం ముందే పగలగొట్టించాడు. కడుపు మండినవాడి పని అనుకోవాలి. అయినా చేతులారా చేసిన వస్తువును చేతులారా పగలగొట్టడం... ఆటోనగర్ మేస్త్రిని ఎవరినైనా అడిగి చూడండి, అదెంత కష్టమో చెబుతాడు.

ఆయన బతుకులో నాకు అన్నింటికంటే గట్టిగా పట్టుకున్న ముచ్చట మాత్రం వేరే ఉంది. 1944లో మోటారు వ్యాపారం నుంచి తప్పుకొని, సంపాదనను చదువుల వైపు, పరిశోధనల వైపు మళ్లించాడు. మరుసటి ఏడాదే మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో సాంకేతిక కళాశాల వెలిసింది. విరాళం నాయుడిది. తొలి ప్రిన్సిపాలూ ఆయనే. డిగ్రీ లేని ప్రిన్సిపాల్! కుర్చీలో కూర్చోగానే ఆయనకు ఓ అనుమానం వచ్చింది. ఈ చదువుకు నాలుగేళ్లెందుకు? చేతికి పని ఇచ్చి నేర్పితే రెండేళ్లు చాలవా? పిల్లల వయసు వృథా చేస్తున్నామని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయనా తగ్గలేదు. రాజీనామా చేసి బయటికొచ్చేశాడు.

ఎవరిది ఒప్పు? తేల్చడం కష్టమే. లెక్కలు, శాస్త్రం కుదురుగా నేర్చుకోవాలంటే సమయం పడుతుంది కదా అని అధికారులు అనుకుని ఉంటారు, అదీ కొట్టిపారేయలేం. కానీ ఇంజిను చప్పుడు విని జబ్బేమిటో చెప్పేసి, సర్టిఫికెట్ అడిగేసరికి తల దించుకునే మెకానిక్‌ను చూసినప్పుడల్లా నాకు నాయుడుగారే గుర్తొస్తారు. కంప్యూటర్ పెట్టి లోపం వెతికే బండ్లు వచ్చాక ఆ తల దించుకోవడం ఇంకా ఎక్కువైంది. అలాంటివాళ్లను రెండేళ్లు కూర్చోబెట్టి ఆ కొత్త విద్య నేర్పే చోటు ఒకటుంటే?

1974 జనవరి 4న నాయుడు కన్నుమూశాడు. ఆయన పేరిట కోయంబత్తూరులో ప్రదర్శనశాల ఉంది. 2015లో కార్ల మ్యూజియమూ తెరిచారు. పళనికి వెళ్లేవాళ్లు దారిలో చూసి రావచ్చు. ఆయన వదిలేసి వచ్చిన కళాశాల ఇప్పుడు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. అక్కడ ఇంజినీరింగు కోర్సు ఇప్పటికీ నాలుగేళ్లే.