వార్తల్లో పదం: సంస్థాగత వారసత్వం

ఒక పాలన ముగిసినా, అది నడిపిన కచేరీలు, కాలువలు, కర్మాగారాలు ప్రభుత్వంపై నమ్మకాన్నో అపనమ్మకాన్నో తరాలకు మిగిల్చి వెళ్తాయి. దాన్నే సంస్థాగత వారసత్వం అంటారు. తూర్పు ఐరోపాలో ఒకప్పుడు హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యం కింద ఉన్న ఊళ్లవారు, పాత సరిహద్దుకు అవతలి ఊళ్లవారికంటే కోర్టులను, పోలీసులను ఎక్కువగా నమ్ముతున్నారని ఆర్థికవేత్తలు గుర్తించారు.

నిజామాబాద్ జిల్లాలో నిజాం పాలన మిగిల్చిన ఈ వారసత్వానికి రెండు ముఖాలున్నాయి. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు చెరకును పెంచాయి. 1930ల చివర్లో బోధన్ శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఆ చెరకును కొని రైతుకు ధైర్యమిచ్చింది. అదే నిజాం రాజ్యంలో వెట్టిచాకిరీ, నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళం రజాకార్ల దౌర్జన్యాలూ సాగాయి.

1948లో నిజాం పాలన ముగిసిన తర్వాతి చరిత్రా ఈ లెక్కలో చేరాలి. 2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటుకు వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్‌తో గానుగ ఆగింది. కార్మికులు, చెరకు రైతులు రోడ్డున పడ్డారు. పునరుద్ధరణ హామీలు మాత్రం ఎన్నికల్లో వినిపిస్తూనే ఉన్నాయి.

గతం పునాది వేస్తుంది, అంతే. ప్రభుత్వంపై నమ్మకాన్ని నిలబెట్టాల్సింది, కార్మికుల బకాయిలు తీర్చి మాట నిలుపుకోవాల్సింది నేటి ప్రభుత్వాలే.