పండుగప్ప జాడ తెలిసేదెలా?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగా సాగుతుంది. వానలు బాగా కురిసిన ఏడు రోడ్డుకు రెండు వైపులా కనుచూపు మేర నీళ్లే! ఎండాకాలంలో చూస్తే అక్కడే చాలా మేర బీటలు వారిన నేల. ఇంత పెద్ద సరస్సులో చేప ఎక్కడ ఉంటుందో తెలుసుకోవడమెలా? ఊరికే వల విసిరితే చాలదు. ముందుగా నీటిని గమనించాలి.

అన్ని చేపలకూ ఒకే లెక్క పనికిరాదు. ఉత్తర అమెరికా నదుల్లో స్మాల్‌మౌత్ బాస్ అనే చేప ఉంది. చలికాలం పోయి నీరు సుమారు 15 డిగ్రీల సెంటీగ్రేడుకు వెచ్చబడితే అది గులకరాళ్లున్న లోతు తక్కువ చోటికి వస్తుంది. మగచేప తోకతో గుంట చేసి, అందులోని గుడ్లకు కాపలా కాస్తుంది. అందుకే అక్కడ కొత్త నదిలో ఈ చేపను వెతికేవారికి థర్మామీటరు బాగా ఉపయోగపడుతుంది. మన తీరంలో నీరు ఏడాది పొడుగునా వెచ్చగానే ఉంటుంది. మరి మనం చూడవలసినవి ఏవి? ఉప్పు, ఆటుపోట్లు.

పులికాట్ ఉప్పునీటి సరస్సు. దానికీ బంగాళాఖాతానికీ నడుమ గోడలా ఉన్న ఇసుక దీవే శ్రీహరికోట. ఇక్కడి నుంచి మొదటి రాకెట్టు 1971లో ఎగిరింది. పడమటి దిక్కు నుంచి కాళంగి నది సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడి పక్కగా వచ్చి ఈ సరస్సులో కలుస్తుంది. మన పెద్ద నదుల జాబితాలో కాళంగి పేరు కనిపించదు. కాని వానాకాలంలో సరస్సుకు మంచినీరు తెచ్చే నదుల్లో అదీ ఒకటి. సముద్రపు నీరు ముఖద్వారాల గుండా లోపలికి వస్తుంది. రెండు నీళ్లూ కలిసే చోటే పండుగప్పకు ఇష్టం.

పండుగప్ప కథ వింతగా ఉంటుంది. పెద్ద చేపలు సముద్రపు ఉప్పదనం ఉన్న నీటిలో, నదీ ముఖాల దగ్గర, లక్షల గుడ్లు పెడతాయి. పిల్లలు పోటు నీటితో పాటు సరస్సుల్లోకి, నదుల్లోకి వచ్చి అక్కడ పెరుగుతాయి. చాలా చేపలు మొదట మగవిగా ఎదిగి, కొన్నేళ్ల తరువాత ఆడవిగా మారతాయి! అంటే బాగా పెద్ద చేపల్లో ఎక్కువ భాగం తల్లులే. పెద్దవాటినన్నిటినీ పట్టేస్తే గుడ్లు పెట్టేదెవరు?

పండుగప్ప వేటను తరుముకుంటూ పోయేది కాదు, మాటు వేసేది. రాయి, గుంజ, వంతెన స్తంభం వంటి అడ్డం వెనుక నీటి వేగం తగ్గుతుంది. అక్కడ నిలబడితే చేపకు శ్రమ ఉండదు. పక్కనే పారే నీరు రొయ్యలనూ చిన్న చేపలనూ మోసుకొస్తుంది. దగ్గరకు రాగానే నోరు తెరిచి లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి నీరు కదిలే వేళ, లోతైన కాలువ అంచున, అడ్డం ఉన్న చోట దాన్ని వెతకాలి. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలో ఉంటాయి గనుక పోట్లు పెద్దవిగా వస్తాయి. అప్పుడు నీటి కదలికా ఎక్కువే.

ఇదంతా జరగాలంటే ముఖద్వారం తెరిచి ఉండాలి. అలలు తీరం వెంట ఇసుకను తెచ్చి దానిని పూడుస్తుంటాయి. సరస్సు నుంచి సముద్రానికి పరుగెత్తే వరద నీరూ, రోజూ వచ్చిపోయే పోటూ ఆ ఇసుకను తోసివేస్తుంటాయి. వానలు తగ్గి, నదుల నీరు తగ్గితే ఇసుకదే పైచేయి. అప్పుడు పిల్ల చేపలు లోపలికి రాలేవు, పెద్దవి సముద్రానికి పోలేవు. ఎండలకు నీరు ఆవిరై, మిగిలిన నీరు సముద్రం కంటే ఉప్పనవుతుంది. చేప తగ్గితే సరస్సునే నమ్ముకున్న జాలరి ఇంట పొయ్యి వెలగడం కష్టమవుతుంది. పులికాట్‌కు ఈ పూడిక బెడద ఉంది. చిన్న నది గదా అని కాళంగిని తీసిపారేయరాదు!

ఉప్పును కొలవడం మీరూ చేసి చూడవచ్చు. ఒక సోడా గొట్టం అడుగు చివరను బంకమట్టితో మూయండి. మంచినీటి గ్లాసులో అది నిట్టనిలువుగా తేలేలా మట్టిని సరిచేసి, నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. తరువాత లీటరు నీటిలో 35 గ్రాముల ఉప్పు కరిగించి, అందులో వేయండి. సముద్రపు నీటిలో ఉప్పు దాదాపు ఇంతే. గీత కొద్దిగా నీటి పైకి వస్తుంది. ఉప్పునీరు బరువైనది కాబట్టి గొట్టాన్ని ఎక్కువగా పైకి నెడుతుంది. ఉప్పు పెంచుతూ పోతే గీత ఎంతెంత లేస్తుందో రాసుకోండి. ఎండాకాలంలో మిగిలే సరస్సు నీటిలో మీ గొట్టం ఎలా తేలుతుందో ఊహించగలరా?