డాబా మీద తీగ, మట్టిలో రాడ్డు

2018 అక్టోబరు 11, గురువారం. తెల్లారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. నేనప్పుడు విజయనగరంలో బీటెక్ చదువుతున్నా. మాది కవిటి మండలంలో చిన్న ఊరు. ముందురోజు రాత్రి ఫోన్ చేస్తే అమ్మ "గాలి మొదలైనాది, నువ్వు తొంగో" అని పెట్టేసింది. తర్వాత మూడు రోజులు ఆ నంబరు మోగలేదు. నాన్నదీ మోగలేదు. ఊళ్లో ఎవరిదీ మోగలేదు.

మూడో రోజు ఫ్రెండ్ బండి మీద పలాస నుంచి బయల్దేరాం. రోడ్డుకి అడ్డంగా కొబ్బరిచెట్లు, జీడిచెట్లు. బండి ఎత్తి దాటించడం, నడవడం, మళ్లీ ఎత్తడం. ఇంటికెళ్లేసరికి అందరూ బాగానే ఉన్నారు. వంటింటి రేకులు మాత్రం ఎవరి తోటలో పడ్డాయో తెలీదు. "బాగున్నాం" అనే ఒక్క మాట నాకు చేరడానికి మూడు రోజులు పట్టింది. చదివేది ఎలక్ట్రానిక్స్, జేబులో 4జీ ఫోన్. సిగ్గేసింది.

హ్యామ్ రేడియో గురించి వెతికింది అప్పుడే. టవర్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు. ఒక సెట్టు, కారు బ్యాటరీ, కాస్త తీగ ఉంటే చాలు. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది. సరదాగా ప్రపంచంతో మాట్లాడదామని వెళ్లారు. 26న సునామీ వచ్చింది. అప్పటిదాకా హాబీగా ఉన్న ఆ స్టేషనే పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటికి కబుర్లు మోసింది. ఆ కథ చదివాక ఆగలేకపోయా.

ముందే ఒక మాట. ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే చైనా వాకీటాకీ కొనేసి మాట్లాడేయడం కుదరదు. హ్యామ్ బ్యాండ్లలో ట్రాన్స్‌మిట్ చేయాలంటే కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష రాసి లైసెన్స్ తీసుకోవాలి. పన్నెండేళ్లు నిండితే చాలు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కూడా అక్కర్లేదు. వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ ఇస్తారు. ఇక సీబీ అంటారా, 27 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ సిటిజన్ బ్యాండ్‌కి మన దేశంలో లైసెన్స్ మినహాయింపు ఉంది. కాకపోతే 5 వాట్లు దాటకూడదు, యాంటెన్నా సెట్‌కే ఉండాలి. అమెరికా వీడియోలు చూసి సీబీ కోసం మేడ మీద పెద్ద గెడ పాతేద్దాం అనుకుంటే ఆ మినహాయింపు వర్తించదు.

తీగ కట్టడం తేలిక

ఉద్యోగం వచ్చాక, వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని ఊళ్లో ఉన్నప్పుడు మొదటి యాంటెన్నా కట్టా. డైపోల్. 468ని మెగాహెర్ట్జ్‌లో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే పొడవు అడుగుల్లో వచ్చేస్తుంది. 7.1కి దాదాపు 66 అడుగులు. అంటే అటు 33, ఇటు 33. ఇంటి వైరింగ్‌కి వాడే రాగి తీగే సరిపోతుంది. లెక్క కన్నా అడుగు ఎక్కువ ఉంచుకుని, ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ చూస్తూ కొంచెం కొంచెం కత్తిరించాలి. కత్తిరించింది మళ్లీ అతకదు కదా.

మధ్యలో ఒకే వెదురు గెడ. తీగ రెండు కొసలూ కిందికి దిగేలా, తిరగేసిన 'వీ' ఆకారంలో కట్టా. ఎత్తు పాతికడుగులే. తక్కువేమో అని బెంగపడ్డా గానీ మనకి అదే మంచిదని తర్వాత తెలిసింది. ఈ బ్యాండ్‌లో తీగ తక్కువ ఎత్తులో ఉంటే తరంగాలు దాదాపు నిట్టనిలువుగా పైకెళ్లి, అయనోస్ఫియర్‌కి తగిలి చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర కిందికి పడతాయి. తుపాను వేళ నేను మాట్లాడాల్సింది బ్రెజిల్‌తో కాదు, విశాఖతో, హైదరాబాద్‌తో.

కొసల్లో ఒకటి కొబ్బరిచెట్టుకి కట్టడం నా మొదటి తప్పు. సముద్రపు గాలికి చెట్టు ఊగి, వారంలో తీగ తెగింది. ఇప్పుడు చిన్న కప్పీ పెట్టి, తాడు చివర ఇటుక వేలాడదీశా. చెట్టు ఊగితే ఇటుక పైకీ కిందికీ ఆడుతుంది, తీగ మీద లాగుడు పడదు. ఇంకో శత్రువు ఉప్పుగాలి. టేపు సరిగ్గా చుట్టని కనెక్టర్ ఆరు నెలల్లో పచ్చగా చిలుము పట్టేసింది.

పాతడమే అసలు పని

గెడ లేపిన రోజే అమ్మ అడిగింది. "ఏట్రా ఇది, పిడుగుని ఇంటికి పిలుస్తన్నావేటి?"

నవ్వేశా. నవ్వకూడదు. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదైన రాష్ట్రం మనది. పాతికడుగుల తీగ పిడుగుని ప్రత్యేకంగా పిలవదు, చుట్టూ కొబ్బరిచెట్లు దానికన్నా రెట్టింపు ఎత్తున్నాయి. కానీ దగ్గర్లో పడితే చాలు, ఆ 66 అడుగుల తీగలోకి సర్జ్ వచ్చేస్తుంది. అది ఏ దారిన మట్టిలోకి వెళ్తుందన్నదే ప్రశ్న. దారి మనం చూపించకపోతే అదే వెతుక్కుంటుంది.

నేను చూపించానని అనుకున్నా. కాంపౌండ్ మూల ఒక రాడ్డు కొట్టి, సన్నటి తీగతో కలిపి 'ఎర్తింగ్ అయిపోయింది' అని ఫొటో కూడా పెట్టా. మే నెలలో ఒక సాయంత్రం పక్కతోటలో చెట్టు మీద పిడుగు పడింది. కోయాక్స్ కేబుల్ సెట్ నుంచి పీకేసే ఉంచా, కానీ దాని కొస టేబుల్ మీదే, రౌటర్ పక్కన వదిలేశా. రౌటర్, పవర్ సప్లై, ఆఫీసు ల్యాప్‌టాప్ మూడూ పోయాయి. సెట్ బతికింది. ఆ టేబుల్ దగ్గర అరగంట ముందు అమ్మ కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ల్యాప్‌టాప్ సంగతి మేనేజర్‌కి చెప్పడం కన్నా ఆ అరగంట తలుచుకోవడమే నాకు కష్టంగా ఉంది.

తప్పు ఎక్కడ? ఇంటి ఎర్త్ ఒకటి, నా రాడ్డు ఇంకొకటి, రెండింటికీ సంబంధం లేదు. లెక్క చూడండి. మామూలు పిడుగులో 30,000 ఆంపియర్ల దాకా కరెంటు ఉంటుంది. అందులో పదోవంతే, అంటే 3,000 ఆంపియర్లే నా తీగలోకి వచ్చిందనుకుందాం. రాడ్డు నిరోధం 10 ఓమ్‌లైనా సరే, రాడ్డు దగ్గర 30,000 వోల్టులు లేస్తాయి. ఇంటి ఎర్త్ మాత్రం ఆ క్షణానికి కిందే ఉంటుంది. ఆ రెండు ఎర్త్‌ల మధ్య ఇరుక్కునేది టేబుల్ మీదున్న సామానే. అందుకే ఎన్ని రాడ్లున్నా అన్నిటినీ, ఇంటి ఎర్త్‌తో సహా, ఒకదానికొకటి కలపాలి. అన్నీ కలిసి లేస్తే, కలిసి దిగుతాయి. వాటి మధ్య తేడా ఉండదు.

రెండోసారి మా ఊరి ఎలక్ట్రీషియన్ అన్నని పిలిచా. ఆయన గోనెసంచిలో బొగ్గు, ఉప్పు తెచ్చాడు. ఇది మనవాళ్ల పాత పద్ధతి, పనిచేస్తుంది కూడా. బొగ్గు తేమ పట్టి ఉంచుతుంది, ఉప్పు కరెంటుని పారనిస్తుంది. కానీ ఆ ఉప్పే ఇనుప పైపుని తినేస్తుంది. ఇంటి పాత ఎర్త్ గొయ్యి తవ్వి చూస్తే జీఐ పైపు చేత్తో విరిగింది. అందుకని రాగి పూత రాడ్లు, చుట్టూ బెంటోనైట్ మట్టి వేశాం. మా ఉద్దానం ఇసకనేల పైన మూడడుగులు పొడి, కింద తడి. ఎనిమిదడుగుల రాడ్డు పూర్తిగా దిగితేనే తడి తగులుతుంది. ఒకటి చాలక మూడు వేశాం, ఒక్కోదానికీ మధ్య పదహారడుగులు. మరీ దగ్గరగా పాతితే రెండు రాడ్లూ ఒకే మట్టిని పంచుకుంటాయి, లాభం తగ్గిపోతుంది. బొబ్బిలి వైపు ఎర్రనేలల్లో మీరుంటే కథ వేరు, రాయి తగిలితే రాడ్డు దిగదు, రాగి పట్టీని పొడవుగా కందకంలో పరవాల్సి వస్తుంది.

కేబుల్ కిటికీలోంచి లోపలికి దూరే చోట, గోడ బయటే ఒక రాగి ప్లేటు బిగించాం. దాని మీద సర్జ్ అరెస్టర్. అక్కణ్నుంచి రాడ్డుకి వెడల్పాటి పట్టీ, వీలైనంత పొట్టిగా, మడతలు లేకుండా. పిడుగు కరెంటు మైక్రోసెకన్లలో లేస్తుంది కాబట్టి, తీగ ఎంత మందంగా ఉన్నా ప్రతి మీటరుకీ వేల వోల్టులు నిలబడిపోతాయి. పది మీటర్ల అందమైన వైరింగ్ కన్నా మీటరున్నర మొరటు పట్టీ నయం.

ఒకటి మాత్రం ఫోన్ పట్టుకునైనా గుర్తుంచుకోండి. గెడ లేపేముందు పైకి చూడండి. అది ఏ పక్కకి పడినా 11 కేవీ లైను అందకూడదు. అందేలా ఉంటే ఆ చోటు వదిలేయండి, వేరే చోటు లేకపోతే యాంటెన్నాయే వదిలేయండి. ఏ ఎర్తింగూ మిమ్మల్ని దాన్నుంచి కాపాడదు.

ఇంత చేసినా మబ్బు పడితే కేబుల్ పీకేయాల్సిందే, అదీ గోడ బయటే. నేనిప్పుడు వారంలో మూడు రోజులు బెంగళూరులో ఉంటున్నా. కనెక్టర్ ఎలా విప్పాలో అమ్మకి నేర్పించా. నిన్న మీటింగ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. వెనకాల ఉరుము వినిపిస్తోంది.

"తీసీసినాను. నీ ఇటుక్కూడా బాగానే ఉన్నాది," అంది.