విశాఖ మేటల మధ్య నిలబడిన సెంచూరియన్

రేపల్లె దాటి నిజాంపట్నం వెళ్లి చూస్తే కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు సముద్రాన్ని ఎంత దూరం పూడ్చిందో కళ్లకు కడుతుంది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' వర్తకం కోసం వచ్చింది ఈ తీరానికే. అప్పట్లో తెలుగు తీరంలో పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు దించాల్సిందే. మేకులు లేకుండా కొబ్బరి పీచుతో పలకలు కుట్టిన మసులా పడవలు అలల మీదుగా సరుకును చేరవేసేవి. ఓడలవాళ్లు శాపంగా భావించిన ఈ లోతులేమే 1804లో ఒక బ్రిటిష్ యుద్ధనౌకకు అండ అయింది.

ఆ నౌక పేరు సెంచూరియన్. 1774లో ఇంగ్లండులోని హార్విచ్‌లో నీళ్లలోకి దిగింది. యాభై ఫిరంగులు, రెండు ఫిరంగి అంతస్తులు. ఈ తరహా ఓడలది చిత్రమైన స్థితి. డెబ్భై నాలుగు ఫిరంగుల భారీ నౌకల వరుసలో నిలబడి పోరాడే బలం వాటికి లేదు. ఒకే ప్రధాన ఫిరంగి అంతస్తుతో తేలిగ్గా, వేగంగా తిరిగే ఫ్రిగేట్ల చురుకుదనమూ లేదు. అందుకే కాలం గడిచేకొద్దీ వాటికి ఫ్రిగేట్ల పనులే అప్పగించారు. వర్తక ఓడలకు కాపలా వెళ్లడం, దూర సముద్రాల్లో గస్తీ తిరగడం అన్నమాట.

సెంచూరియన్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో అట్లాంటిక్‌లో పనిచేసింది. 1794 అక్టోబరులో మారిషస్ దగ్గర డయొమీడ్ అనే తోటి నౌకతో కలిసి ఫ్రెంచి ఫ్రిగేట్లను ఎదుర్కొని దెబ్బలు తిన్నది. మరుసటి ఏడాది డచ్చివాళ్ల నుంచి తిరుకోణమలైని, 1796లో అంబోయినా, బాందా దీవులను పట్టుకున్న అడ్మిరల్ పీటర్ రైనియర్ దళంలో ఇదీ ఒకటి. లవంగాలకూ జాజికాయకూ పేరుపడ్డ దీవులవి. ఆ రోజుల్లో యుద్ధనౌకలు సుగంధ ద్రవ్యాల వెంట ఎంత దూరమైనా పోయేవి.

అసలు కథ 1804 సెప్టెంబరుది. గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చి అప్పటికి పదహారేళ్లు. బాపట్ల, తెనాలి ప్రాంతాలు ఆ పాలన కిందే ఉన్నాయి. సముద్రం మీద మాత్రం కంపెనీ ఓడలకు నిశ్చింత లేదు. ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ మారిషస్ కేంద్రంగా వేట సాగిస్తున్నాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో చైనా నుంచి వస్తున్న కంపెనీ వర్తక ఓడల గుంపును యుద్ధనౌకలున్న దళమనుకొని అతను వెనక్కి తగ్గాడు. ఆ అవమానం ఇంకా పచ్చిగానే ఉంది.

లినోయ్ కోరమాండల్ తీరం వెంబడి ఉత్తరానికి వచ్చాడు. డెబ్భై నాలుగు ఫిరంగుల మరెంగో, అతలాంత్, సెమియాంత్ అనే రెండు ఫ్రిగేట్లు అతని వెంట ఉన్నాయి. మచిలీపట్నం దగ్గర పట్టుబడ్డ ఓడవాళ్ల వల్ల, విశాఖలో విల్హెల్మినా అనే ఫ్రిగేటు కాపలాలో వర్తక ఓడలు సరుకెక్కించుకుంటున్నాయని తెలిసింది. కానీ రైనియర్ ఆ ఫ్రిగేటు బదులు సెంచూరియన్‌ను పంపాడు. ఈ సంగతి లినోయ్‌కి తెలియదు.

సెప్టెంబరు 15 ఉదయం మూడు ఫ్రెంచి ఓడలూ విశాఖ ముందు కనిపించాయి. సెంచూరియన్ అసలు కెప్టెన్ జబ్బుపడటంతో తాత్కాలికంగా బాధ్యత తీసుకున్న జేమ్స్ లిండ్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు. ఓడ లెఫ్టినెంట్ ఫిలిప్స్ చేతిలో ఉంది. ఫిలిప్స్ పై అధికారి కోసం ఎదురుచూడలేదు. లంగరు మోకు కోయించి, తెరచాపలు విప్పించి, ఫిరంగులు పేల్పించాడు. లిండ్ పోరు నడుస్తుండగానే వచ్చి ఓడ ఎక్కాడు.

వర్తక ఓడల్లో బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలింది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. ఇక మూడు ఓడల గుళ్లకూ లక్ష్యం సెంచూరియన్ ఒక్కటే. అక్కడే తీరం తన వంతు పాత్ర పోషించింది. దగ్గరికి రాబోయిన మరెంగో మేటకు తగిలి కాసేపు కదలలేకపోయింది. అది మళ్లీ తేలే లోపు సెంచూరియన్ ఒడ్డు వైపు జరిగి, లోతు తక్కువ ఉన్న చోట లంగరు దించింది. అంత పెద్ద ఓడ అక్కడికి రాలేదు. ఒడ్డు మీది చిన్న ఫిరంగి స్థావరమూ చేతనైన సాయం చేసింది. దూరం నుంచే గుళ్లు కురిపించిన లినోయ్, తన ఓడలు దెబ్బతింటే బాగుచేసుకునే రేవు మారిషస్ దాకా లేదని వెరచి మధ్యాహ్నానికి పోరు ఆపేశాడు. చేజిక్కిన ప్రిన్సెస్ షార్లెట్‌తో తృప్తిపడి వెళ్లిపోయాడు. సెంచూరియన్ తెరకొయ్యలూ తాళ్లూ చీలికలు పేలికలయ్యాయి. అయినా చనిపోయింది ఒకరు, గాయపడింది తొమ్మిది మంది.

గెలుపెవరిదని అడిగితే లెక్క ప్రకారం ఫ్రెంచివాళ్లదే. ఒక ఓడ దక్కింది, ఒకటి పగిలింది. అయినా బ్రిటన్ దీన్ని వీరగాథగా చెప్పుకుంది. లిండ్‌కు నైట్ గౌరవం దక్కింది, థామస్ విట్‌కోంబ్ ఆ దృశ్యాన్ని బొమ్మ గీశాడు. ఫిలిప్స్‌కు దక్కాల్సినంత పేరు దక్కలేదనే చెప్పాలి. తొలి నిమిషాల్లో తటపటాయించి ఉంటే సెంచూరియన్ లంగరు దగ్గరే చిక్కిపోయేది.

మన చరిత్ర పుస్తకాలు ఈ పోరును పట్టించుకోకపోవడం పెద్ద లోటు. బొబ్బిలి, పద్మనాభం యుద్ధాలు తెలిసిన పిల్లలకు తమ తీరంలోనే జరిగిన ఈ నౌకాయుద్ధం కూడా తెలియాలి.

అతలాంత్ 1805లో దక్షిణాఫ్రికా దగ్గర ఒడ్డుకు కొట్టుకుపోయి నాశనమైంది. 1806 మార్చిలో అట్లాంటిక్‌లో బ్రిటిష్ దళం మరెంగోను పట్టుకుంది, లినోయ్ ఖైదీ అయ్యాడు. సెంచూరియన్ ఇంగ్లండు చేరి, తర్వాత కెనడాలోని హాలిఫాక్స్‌లో నావికుల ఆసుపత్రి ఓడగా మారింది. 1824లో కట్టేసిన చోటే మునిగితే పైకి తీసి, మరుసటి ఏడాది విడగొట్టారు.