మంచు కురియునా?

గత పుష్యమాసమున మా విద్యార్థి యొకడు తమిళ వార్తలలో ‘నీలగిరిలో ఉఱైపని’ యని విని, ఇంటికి పోయి తండ్రితో ‘మంచు పడునట’ అని చెప్పెను. తోటలో మామిడి పూతమీద నున్నది. ఆయన భయపడి అప్పుచేసి మందు చల్లించెను. మరునాడు మన ఊర మంచు లేదు, ఆకాశము నిర్మలము. తప్పు వార్తది కాదు, మాటది.

తమిళమున ‘పని’, తెలుగున ‘మంచు’ నాలుగు వేరువేరు వస్తువులకు పేరులు. (‘పని’ యనగానే మన పిల్లలకు ఇంటిపని జ్ఞాపకము వచ్చుట వేరు సంగతి.) తెల్లవారుజామున గడ్డిపై నిలుచు నీటిబిందువు ఒకటి. నేలపై మేఘమువలె క్రమ్మునది పొగమంచు, తమిళుల మూడుపని. గడ్డిపై తెల్లగా గట్టిపడునది ఉఱైపని. ఆకాశమునుండి దూదివలె రాలునది హిమపాతము. మామిడి కంటు తేనెమంచు వీనిలో చేరదు. అది పురుగు విసర్జించు తీపిద్రవము.

మన కొండలపై హిమపాత మేల కలుగదు? ఈ ప్రాంతమున నీరు గడ్డకట్టు చలి సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున గాని ఆరంభము కాదు. నీలగిరులలో ఎత్తైన దొడ్డబెట్ట 2637 మీటర్లే. మేఘమున పుట్టిన హిమపు తునక దిగులోపల కరిగి వానచినుకగును. ఊటీలో కనబడు తెలుపు పైనుండి రాలినది కాదు. గాలి కదలక, ఆకాశము నిర్మలముగా నున్న రాత్రి నేల తన వేడిమిని కోల్పోగా, గాలిలోని ఆవిరి గడ్డిమీదనే గట్టిపడును.

నేను ఆంధ్రప్రదేశమున శిక్షణ పొందుచున్న రోజులలో లంబసింగి చూచితిని. దానికి ‘ఆంధ్రా కాశ్మీరము’ అని పేరు. ఎత్తు సుమారు 1000 మీటర్లు. అచ్చటిదియు పొగమంచే. హిమపాతము చూడవచ్చిన మేము తడిసిన చొక్కాలతో తిరిగివచ్చితిమి.

ఇక జోస్యము. వాతావరణ నమూనా యనగా బొమ్మ కాదు, లెక్క. ఆకాశమును గడులుగా విభజించి, ప్రతి గడిలోని వేడిమి, తేమ, గాలి, పీడనములను కొలిచి, భౌతికశాస్త్ర సూత్రములచే కొన్ని నిమిషముల పిదప నేమగునో లెక్కింతురు. ఆ ఫలితముపై మరల లెక్కింతురు. రిచర్డ్‌సన్ అను ఆంగ్లేయుడు దీనిని చేతితో చేసి, 1922లో గ్రంథముగా ప్రకటించెను. ఆరుగంటల జోస్యమునకు ఆయన లెక్క 145 మిల్లీబార్ల పీడనవృద్ధిని చూపెను. నిజమునకు పీడనము దాదాపు కదలలేదు! 1950లో అమెరికాలో కంప్యూటరు ఈ పనికి పూనుకొన్నది. మన దేశమున 2025 మే నెలలో ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ వ్యవస్థలో గడి వెడల్పు 6 కిలోమీటర్లు; అంతకు ముందు 12.

అయినను స్వల్ప హిమపాతమును చెప్పుట కష్టము. సిమ్లావంటి చోట నేలదగ్గర ఒక డిగ్రీ భేదముతో హిమము వాన యగును. కొండకొమ్ము, లోయ ఒకే గడిలో పడినచో లెక్క రెండింటికిని ఒకే సగటు నిచ్చును. అందుచే ఆరంభపు కొలతలను కొంచెము మార్చి పలుమారులు లెక్కించి, ఎన్నిమారులు హిమము వచ్చెనో చూతురు. మన పొగమంచు విషయమును ఇంతే: చెరువుగట్టు తోట, మిట్టమీది తోట ఆ లెక్కకు ఒక్కటే.

చల్లని రాత్రులు, గాలిలో తేమ బూడిదతెగులునకు అనుకూలములు. కావున మామిడిరైతు వినవలసినది మూడుపని. నీలగిరి ఉఱైపని మన తోటకు సూచన కాదు. ఆ తండ్రి ఈ సంవత్సరము మందు కొనుటకు ముందు, వినిన మాటను కుమారునిచే కాగితముపై వ్రాయించి నాకు పంపెను.